క్లయింటు కంటతడి పెడితే కోచ్ ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 44. హైదరాబాద్‌లో ఒక ఐటీ సంస్థలో చాలాకాలం హెచ్‌ఆర్ విభాగంలో పనిచేశాను. నిరుడు ఉద్యోగం మానేసి ఎగ్జిక్యూటివ్ కోచింగ్‌లో శిక్షణ తీసుకున్నాను. ఇప్పుడు కంపెనీలు తమ మేనేజర్లను నా దగ్గరికి పంపుతున్నాయి. వారిలో ఒక డెలివరీ మేనేజర్ ఉన్నారు. ఆయన బృందంలో కొందరిని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ సంగతి వాళ్లకు ఆయన చేతనే చెప్పించారు. రెండో సెషన్‌లో "వచ్చే మూడు నెలల్లో మీరు ఏం సాధించాలనుకుంటున్నారు?" అని అడిగితే ఉన్నట్టుండి ఏడ్చేశారు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. "మీరు చాలా ధైర్యవంతులు, ఇది కూడా దాటేస్తారు" అన్నాను. ఆయన కళ్లు తుడుచుకుని "సారీ మేడమ్" అన్నారు. "పర్వాలేదండీ" అని లక్ష్యాల పట్టిక ముందుకు జరిపాను. మిగతా సమయమంతా చక్కగా జవాబులు చెప్పారు. కానీ తర్వాతి సెషన్‌ను రెండుసార్లు వాయిదా వేశారు. ఈలోగా వాళ్ల హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వచ్చింది, "ఆయన ఎలా ఉన్నారు, నిలబడతారా?" అని. నేను తప్పు చేశానా? ఉద్వేగాల సంగతి కౌన్సెలర్లు చూసుకోవాలి, కోచ్‌కు సంబంధం లేదని నా శిక్షణలో ఒకరు చెప్పారు, నిజమేనా? ఆ రోజు నుంచి నాకూ నిద్ర సరిగా పట్టడం లేదు. ఇంట్లో పిల్లల మీద ఊరికే కసురుకుంటున్నాను.
(పేరు వద్దన్నారు), హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరంలో ఆయన ఏడుపు కంటే నన్ను ఎక్కువగా ఆపింది ఆ "సారీ మేడమ్". దానికి మీరు "పర్వాలేదండీ" అన్నారు. ఆయన క్షమాపణ అడిగారు, మీరు క్షమించారు. అంటే కన్నీళ్లు పెట్టుకోవడం తప్పేనని ఇద్దరూ కలిసి తీర్మానించినట్టయింది. ఆ తర్వాత వచ్చిన చక్కటి జవాబులు మిమ్మల్ని ఇక ఇబ్బంది పెట్టకూడదని చెప్పినవి. ఏడ్చినందుకు సిగ్గుపడి ఆయన వాయిదా వేస్తున్నారని మీరు అనుకుంటున్నట్టున్నారు. కావచ్చు. నా అనుమానం మాత్రం వేరు. అలాంటి గంటను మరోసారి నటించే ఓపిక ఆయనకు లేదేమో.

దీన్ని మీరు నేరంలా మోయనక్కర్లేదు. చావింట్లో కూడా "పిల్లల మొహం చూసి నిబ్బరంగా ఉండమ్మా" అని ఏడ్చేవాళ్ల నోరు నొక్కే అలవాటు మనది. "మీరు ధైర్యవంతులు" అన్న మాట ఆయన్ని ఊరడించడానికే మీ నోటివెంట వచ్చింది, సందేహం లేదు. అయితే ఆ మాటతో ముందు ఊరట పొందింది ఎవరో ఒక్కసారి ఆలోచించండి. ఎదుటివారి దుఃఖం చూసి మనలో పుట్టే గాభరాను అణచుకోవడానికి మనం ఎంచుకునే మొదటి మందు ఓదార్పే. కోచ్‌గా మీరు నేర్చుకోవలసిన మొదటి విద్య ఆ గాభరాను గుర్తుపట్టడం.

మీ రెండో ప్రశ్న దగ్గరికి ముందే వస్తాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. (ఈ శీర్షిక చదివే మిగతావారికి: ఇక్కడ కోచింగ్ అంటే ఎంసెట్‌ది కాదు. ఉద్యోగంలో ఉన్నవారు తమ పని గురించి, తమ నిర్ణయాల గురించి ఒక శిక్షితుడైన మనిషితో వరసగా కూర్చుని మాట్లాడటం.) ఉద్వేగాలు కోచ్ పరిధిలోకి రావని మీకు చెప్పినవారు లక్ష్యాలు మాత్రం వస్తాయని ఒప్పుకుంటారు కదా? ఆ రెండింటినీ విడదీయడం కుదరదని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో పనిచేసిన మనస్తత్వవేత్త రిచర్డ్ లాజరస్ తన జీవితమంతా వాదించాడు. మనిషికి కావలసినదేదో పణంగా పడినప్పుడే అతనిలో ఉద్వేగం పుడుతుంది. పణంగా ఏమీ లేనిచోట కోపమూ రాదు, భయమూ రాదు. మీరు లక్ష్యం గురించి అడిగారు, ఆయన లక్ష్యం గురించే జవాబు చెప్పారు, కాకపోతే మాటల్లో కాదు. మీ పట్టికలో గడి లేనంత మాత్రాన అది జవాబు కాకుండా పోదు.

లాజరస్ సంగతి ఎత్తాను కాబట్టి అతనికి ముందున్న వాడి గురించి కూడా చెప్పాలి. 1936లో కెనడాలోని మాంట్రియల్‌లో హన్స్ సెల్యే అనే వైద్య పరిశోధకుడు ఎలుకల మీద ప్రయోగాలు చేసి ఒక చిన్న నివేదిక ప్రచురించాడు. చలిలో ఉంచినా, గాయం చేసినా, విషం ఎక్కించినా ఎలుకల శరీరాలు ఒకే తీరుగా స్పందించాయి. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, జీర్ణాశయంలో పుళ్లు పడ్డాయి. దెబ్బ ఏదైనా శరీరం ఒకటే పాట పాడుతుందన్నది అతను తేల్చిన విషయం. మనం ఈనాడు ఒత్తిడి అని పిలుస్తున్న దాని శాస్త్రం చాలావరకు అక్కడే మొదలైంది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క సరిపోలేదు. 1960లలో లాజరస్ బృందం ఒక గిరిజన తెగలో అబ్బాయిలకు చేసే బాధాకరమైన శస్త్రకర్మ దృశ్యాలను మనుషులకు చూపించి, వాళ్ల గుండె వేగాన్నీ, చర్మంలో చెమట మార్పునూ కొలిచింది. దృశ్యాలు అందరికీ అవే, వెనక వినిపించే వ్యాఖ్యానం మాత్రం వేరు వేరు. కొందరికి ఇది ఎంత ఘోరమో వర్ణించారు. కొందరికి ఇదంతా ఆచారం, పెద్దగా నొప్పి ఉండదన్నారు. కొందరికి పరిశోధకుడి స్వరంతో నిర్లిప్తంగా వివరించారు. ఘోరమని విన్నవారి శరీరాలు ఎక్కువగా అదిరాయి, మిగతా రెండు రకాల వ్యాఖ్యానం విన్నవారివి తక్కువగా అదిరాయి.

ఈ సంగతి తెలియగానే కోచ్‌లలో చాలామంది వ్యాఖ్యాతలైపోయారు! "దీన్ని ఒక అవకాశంగా చూడండి" అన్న మాట ఆ బాపతే. కానీ ప్రయోగంలో ఉన్నవారు చూసింది ఎవరో తెలియని పిల్లల బాధను, అదీ కాసేపు. మీ క్లయింటు తన చేతులతో తాను చేసిన పనిని చూస్తున్నారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవారిని గదిలోకి పిలిచి, ఎవరో రాసిచ్చిన నాలుగు వాక్యాలు చదివి, లాప్‌టాప్ అప్పగించి వెళ్లమన్న మనిషి ఆయన. అలాంటివారికి బయటినుంచి తెచ్చిన వ్యాఖ్యానం పనిచేయదు. తన వ్యాఖ్యానం తానే రాసుకోవాలి. దానికి ముందు, ఇప్పుడు లోపల నడుస్తున్న వ్యాఖ్యానం ఏమిటో వినబడాలి. మీరు వినకముందే దాన్ని మార్చబోయారు. పొంగుతున్న పాల మీద మూత పెట్టినట్టయింది.

మూత పెడితే ఏమవుతుందో కూడా కొలిచి చూశారు. 1993లో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే మనస్తత్వవేత్తలు జుగుప్స కలిగించే దృశ్యాలు చూపిస్తూ కొందరిని మొహంలో ఏమీ కనబడనివ్వవద్దన్నారు. వాళ్లు కనబడనివ్వలేదు. లోపలి జుగుప్స మాత్రం పిసరంత కూడా తగ్గలేదు, పైగా శరీరంలో ఉద్రేకపు గుర్తులు కొన్ని పెరిగాయి. ఇంకో పదేళ్లకు ఎమిలీ బట్లర్, గ్రాస్ తదితరులు ఇంకాస్త ముందుకు వెళ్లారు. ఇద్దరిని కూర్చోబెట్టి, మనసు కలచివేసే విషయం మీద మాట్లాడుకోమన్నారు. ఒకరికి రహస్యంగా, మీ ఉద్వేగం బయటపడనివ్వకండి అని చెప్పారు. అలా దాచుకున్నవారి ఎదుట కూర్చున్న మనిషికి, తనకేమీ తెలియకపోయినా, రక్తపోటు పెరిగింది. మీకు నిద్ర పట్టకపోవడానికి మొదటి ఆనవాలు నాకు ఇక్కడ కనిపిస్తోంది. ఆ గంటలో మిగిలిన సమయమంతా ఇద్దరూ దాచుకుంటూనే కూర్చున్నారు.

అయితే ఆ క్షణంలో ఏం చేయాలి? చాలా తక్కువ. పెన్ను కింద పెట్టండి. లక్ష్యాల కాగితాన్ని పక్కకు జరపండి, ఆయనకు కనబడేలా జరపండి. టిష్యూ పెట్టె అందేచోట ఉంటే చాలు, తీసి చేతికిస్తే "ఇక తుడుచుకోండి" అన్నట్టు తోస్తుంది. మాట్లాడకండి. నిమిషం మౌనం మీకు యుగంలా ఉంటుంది, ఏడ్చే మనిషికి అది ఊపిరి తీసుకోవడానికే చాలదు. వీడియోలో అయితే ఆయన కెమెరా ఆపేసుకోవచ్చు, ఆపుకోనివ్వండి. "నేను ఇక్కడే ఉన్నాను, తొందరేమీ లేదు" అంటే సరిపోతుంది. ఆయన "సారీ" అన్నప్పుడు, "సారీ ఎందుకండీ? నా ప్రశ్నలో ఏదో మీకు తగిలినట్టుంది. చెప్పాలనిపిస్తే చెప్పండి, వద్దనుకుంటే కాసేపు ఊరికే కూర్చుందాం" అనవచ్చు.

ఆ సమయంలో ప్రణాళికలు అడగకపోవడానికి కరుణ ఒక్కటే కారణం కాదు. తీవ్రమైన ఒత్తిడిలో, నుదుటి వెనక ఉండి ముందుచూపునూ, పోల్చి తూచే పనినీ చూసుకునే మెదడు భాగం మందగిస్తుందని యేల్ విశ్వవిద్యాలయంలో ఎమీ ఆర్న్‌స్టెన్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధన చెబుతోంది. అడ్రినలిన్ ఉధృతి త్వరగానే తగ్గుతుంది గానీ కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను అణగడానికి గంటో అంతకంటే ఎక్కువో పట్టవచ్చు. ఆ గంటలో ఆయన మీ పట్టిక నింపారు. అందులో రాసినవి ఏవీ ఆయన నిజంగా కోరుకున్నవి అయి ఉండవు. ఆ కాగితాన్ని నిస్సంకోచంగా చించేయండి. ఊపిరి తీసుకోవడం కంటే వదలడం నిదానంగా సాగితే గుండె వేగం తగ్గుతుంది. ఆయనకు పాఠంగా చెప్పనక్కర్లేదు, మీరు అలా ఊపిరి తీస్తూ కూర్చుంటే మీ గుండె అయినా కుదుటపడుతుంది.

కాస్త తేరుకున్నాక ఆయన బహుశా "ఏమీ లేదండీ, కొంచెం టెన్షన్" అంటారు. అక్కడ ఆగిపోకండి. అది భయమా, అవమానమా, కోపమా, దోషం చేశానన్న బాధా? తర్వాత తన పేరు వస్తుందేమోనన్న భయానికి మీరు చేయవలసిన సాయం వేరు. ఆ జాబితాలో ఎవరి పేర్లు ఉండాలో తనను అడగకుండా, చెప్పే పని మాత్రం తన నెత్తిన పెట్టారన్న కోపానికి చేయవలసింది వేరు. ఇందులో ఊహించడం మీ వంతు కాదు, అడగడమే. పేరు పెట్టడం వల్లనే కొంత ఉపశమనం కలుగుతుంది కూడా. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం లాస్ ఏంజిలిస్‌లో భయం, కోపం నిండిన ముఖాల ఫొటోలు చూపిస్తూ మెదడు స్కాన్లు తీసింది. ఆ ఉద్వేగానికి తగిన మాటను ఎంచుకున్నప్పుడు మెదడులో భయం లాంటి ఉద్వేగాలకు స్పందించే అమిగ్డలా అనే భాగం స్పందన తగ్గింది. ఇదేదో మంత్రమని నేననడం లేదు. కానీ కోచ్ చేతిలో ఉన్న ఉపకరణాల్లో ఇంత చౌకైనది, ఇంత నిరపాయకరమైనది మరొకటి లేదు.

ఆ తర్వాత లాజరస్ చెప్పిన రెండు ప్రశ్నలు అడగండి. "ఇందులో మీకు పోతుందనిపిస్తున్నది ఏమిటి?" "దాని విషయంలో మీ చేతిలో ఉన్నది ఏమిటి?" మీ శిక్షణలో నేర్పిన ప్రశ్నలన్నీ ఈ రెండింటి తర్వాతే.

పక్కదారి పట్టి ఒక మాట. శిక్షణ తరగతుల్లో గంట ఆకారపు గీత ఒకటి చూపించే ఉంటారు. ఒత్తిడి తక్కువైతే పని సాగదు, మితిమీరితే చెడుతుంది, మధ్యలో ఉంటే పని బ్రహ్మాండం అని. దానికి ఆధారంగా చూపేది 1908లో యెర్క్స్, డాడ్సన్ చేసిన ప్రయోగం. అందులో మనుషులు లేరు, ఉద్యోగాలు లేవు. ఎలుకలు తెల్లపెట్టెకూ నల్లపెట్టెకూ తేడా కనిపెట్టాలి, తప్పితే కరెంటు షాక్. తేడా కనిపెట్టడం కష్టంగా ఉన్నప్పుడు మధ్యస్థమైన షాక్ బాగా పనిచేసింది, సులువుగా ఉన్నప్పుడు షాక్ పెరిగేకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. ఇంతే. దీన్ని పట్టుకుని "మీ మేనేజర్‌కు కొంచెం ఒత్తిడి మంచిదే" అని కంపెనీలకు చెప్పే కోచ్‌లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీరు ఆ బాపతు కారు కనుకే ఈ ఉత్తరం రాశారు.

ఇక మీరు అడగని ప్రశ్న. ఆయన కష్టంలో ఆయన మనసుకు సంబంధించినది ఎంత, కంపెనీ ఏర్పాటుకు సంబంధించినది ఎంత? 1979లో, పని ఒత్తిడి మీద పరిశోధన చేసిన రాబర్ట్ కారాసెక్ ఒక మాట చెప్పాడు. పని భారం ఎంత ఉన్నా, దాన్ని ఎలా చేయాలో నిర్ణయించే అధికారం తన చేతిలో ఉంటే మనిషి తట్టుకుంటాడు. భారం నిండుగా ఉండి అధికారం లేనప్పుడే కుంగిపోతాడు. లండన్‌లో 1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనంలో పదివేల పైచిలుకు ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించినప్పుడు, తమ పని మీద తమకు అదుపు తక్కువైనవారిలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి. మీ క్లయింటు పరిస్థితి చూడండి. ఎవరిని తీసేయాలో పైవారు తేల్చారు, ఏ మాటలు చదవాలో హెచ్‌ఆర్ రాసిచ్చింది, మొహం ఎలా పెట్టాలో కూడా బహుశా చెప్పారు. ఆయనకు మిగిలింది ఎదురుగా ఉన్నవాళ్ల కళ్లలోకి చూడటం. ఇలా జీతం కోసం మొహాన్నీ మనసునూ కూడా అద్దెకివ్వడాన్ని 1983లో సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ విమాన పరిచారికలను గమనించి వివరించింది. ఆమె చెప్పింది ప్రయాణికులకు చూపే నవ్వు గురించి. ఆయన చూపవలసి వచ్చింది ఏ భావమూ లేని మొహం, అది ఇంకా కష్టం.

పని వల్ల కలిగే నిస్సత్తువను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వర్గీకరించినప్పుడు దాన్ని జబ్బుల కింద చేర్చలేదు, పనిచేసే చోటికి సంబంధించిన సమస్యగానే చెప్పింది. కనుక కంపెనీ చేసిన పనికి ఆయన చేత ప్రాణాయామం చేయించి పంపేస్తే మీరు కోచ్‌గా కాదు, ఆ కంపెనీకి ముసుగుగా పనిచేసినట్టు. వచ్చేసారి మీరూ ఆయనా కంపెనీవారూ కలిసే త్రైపాక్షిక సమావేశం జరిగినప్పుడు, ఆయన అనుమతితో, ఆయన కన్నీళ్ల ప్రస్తావన తేకుండా, "ఇలాంటి నిర్ణయాల్లో మేనేజర్లకు ముందుగా ఏం తెలుస్తుంది, వాళ్ల మాటకు ఎంత చోటుంది?" అని అడగండి. మీరు హెచ్‌ఆర్‌లో పనిచేసినవారు, ఈ ప్రశ్నను ఎలా అడిగితే ఎవరూ నొచ్చుకోరో నాకంటే మీకే బాగా తెలుసు.

హెచ్‌ఆర్ ఫోన్‌కు మీరు ఏం జవాబిచ్చారో రాయలేదు. ఏమీ చెప్పలేదనే ఆశిస్తాను. ఫీజు కంపెనీ ఇస్తుంది, రహస్యం మాత్రం క్లయింటుది. ఏ సమాచారం ఎవరికి వెళ్తుందో మొదటే ముగ్గురి మధ్యా స్పష్టంగా ఒప్పందం జరగాలని అంతర్జాతీయ కోచింగ్ సమాఖ్య నియమావళి కూడా అంటుంది. "సెషన్లు జరుగుతున్నాయా లేదా అన్నంతవరకే చెప్పగలను, మిగతాది ఆయన్నే అడగండి" అనండి. పాత సహోద్యోగుల్లాంటివారితో అలా మాట్లాడటం ఇబ్బందే, అయినా తప్పదు. "నిలబడతారా?" అన్న ప్రశ్నలో తర్వాతి జాబితా వాసన ఉంది.

కౌన్సెలర్ దగ్గరికి ఎప్పుడు పంపాలి? ఏడుపు దానికి గుర్తు కాదు. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి చెడిపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, రోజువారీ పనులే సాగకపోవడం, తాగుడు పెరగడం, ఏ ఆశా లేదన్నట్టు మాట్లాడటం కనిపిస్తే "ఇది నేను చేయగలిగింది కాదు, దీనికి తగినవారు ఉన్నారు" అని సూటిగా చెప్పండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఉందేమోనని అనుమానం వస్తే తిన్నగా అడగండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ఉందంటే ఆయన్ను ఒంటరిగా వదలకండి, ఇంటివారికి చెప్పే దారి ఆయనతోనే కలిసి చూడండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రయినా పగలైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు మీ ఫోనులోనే కాదు, మీ క్లయింట్లకు ఇచ్చే మొదటి కాగితంలోనూ ఉండాలి.

చివరికి మీ సంగతి. నిద్రపట్టని రాత్రుల్లో మీరు ఆయన బాధనే పడుతున్నారా, లేక ఉద్యోగంలో ఉన్నప్పుడు మీరు స్వయంగా రాసిచ్చిన అలాంటి నాలుగు వాక్యాలు గుర్తొస్తున్నాయా? మీరు చెప్పలేదు, నేను ఊహించి తీర్పు ఇవ్వను. కానీ అంతకాలం హెచ్‌ఆర్‌లో ఉన్నవారికి ఆ బల్లకు అవతలి వైపు కూర్చున్న రోజులు ఉండకపోవు. అదే అయితే, ఆయన కన్నీళ్లు మీకు ఎందుకంత గాభరా పుట్టించాయో అర్థమవుతుంది. ఇది ఒంటరిగా తేల్చుకునేది కాదు. బ్రిటన్‌లో కోచ్‌లు తమకంటే అనుభవజ్ఞుడైన ఒకరి దగ్గర క్రమం తప్పకుండా తమ కేసులు, తమ తడబాట్లు చెప్పుకుంటారు, దాన్ని సూపర్‌విజన్ అంటారు. మన దగ్గర అలవాటు తక్కువే అయినా ఆన్‌లైన్‌లో దొరుకుతారు. ఫీజు ఎక్కువైనా పెట్టుకోండి.

తానియా సింగర్, ఓల్గా క్లిమెకీ అనే పరిశోధకులు కలిసి చేసిన పనిలో మీకు పనికొచ్చేది ఒకటుంది. ఎదుటివారి బాధను తామే అనుభవించేలా అభ్యాసం చేసినవారిలో వ్యాకులత పెరిగింది. వారి క్షేమం కోరే దిశగా అభ్యాసం చేశాక అది తగ్గి, మనసు తేలికపడింది. ఆయన బాధను మీరు కూడా పడనక్కర్లేదు, ఆయన బాగుండాలని గట్టిగా కోరుకుంటే చాలు. రెండూ ఒకటి కావని మీకు కొన్ని సెషన్లలోనే తెలుస్తుంది. సెషన్‌కూ ఇంటికీ మధ్య కాస్త ఎడం పెట్టుకోండి. ఒకదాని వెంట ఒకటి సెషన్లు పెట్టుకోకండి. మీలో ఏం జరిగిందో నాలుగు ముక్కలు కాగితం మీద పెట్టి, ఆయన పేరు రాయకుండా, లేవండి. పిల్లలకు "ఈ వారం అమ్మ చిరాకు మీ వల్ల కాదు" అని చెప్పండి. వాళ్లకు కారణం అక్కర్లేదు, అది తమ తప్పు కాదని తెలిస్తే చాలు.

ఆయనకు ఈ వారం ఒక సందేశం పంపండి, మెయిల్ కాదు, కంపెనీ చాట్ అసలే కాదు. ఇలా రాయవచ్చు: "కిందటిసారి మీరు ముఖ్యమైనదేదో చెప్పబోతుండగా నేను తొందరపడి లక్ష్యాల వైపు తిప్పాను. ఆ పట్టిక పక్కన పెట్టేశాను. మీకు వీలైనప్పుడు కలుద్దాం, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో మీరే చెప్పండి. మనం మాట్లాడుకునేది ఎవరికీ వెళ్లదు." పంపాక గుర్తుచేస్తూ ఫోన్లు చేయకండి. ఆయన వస్తే, పాత సంగతి తానుగా ఎత్తేవరకు మీరు ఎత్తకండి. రానంటే, లేదా వేరే కోచ్ కావాలంటే, ఆ ఏర్పాటు మీరే చేయించండి. హెచ్‌ఆర్ వారు కారణం అడిగితే "మేమిద్దరం మాట్లాడుకుని అనుకున్నాం" అని చెప్పి ఫోన్ పెట్టేయండి.